స్పోర్ట్స్ కారుకు డ్యాష్‌క్యామ్: మన ఎండల్లో నిలిచేది ఎంచుకుని, సరిగ్గా బిగించుకోవడం ఎలా?

"అన్నా, కారు తీసుకున్నాను. డ్యాష్‌క్యామ్ ఏది పెట్టించమంటావ్?" విజయవాడ, గుంటూరు, తెనాలి నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంది. మామూలు హ్యాచ్‌బ్యాక్ అయితే రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. అడిగేవాళ్లలో ఫోర్డ్ మస్టాంగ్, బీఎండబ్ల్యూ జెడ్4, ఎం2, పోర్షే కేమన్, 911 లాంటి స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఆ రెండు ముక్కలు చాలవు. తొందరపడి ఏదో ఒకటి పెట్టించుకున్నవాళ్లు కొన్నాళ్లకు మళ్లీ రాస్తున్నారు: కెమెరా ఉబ్బిందని, బ్యాటరీ దిగిపోయిందని, తీరా కారును ఎవరో గుద్దిన రోజున కార్డులో వీడియోనే లేదని.

నా మాట ముందే చెబుతాను. మన ఊళ్లలో ఇలాంటి కార్లలో డ్యాష్‌క్యామ్ చెడిపోయేది ఎక్కువగా వేడి వల్ల, కరెంటు కనెక్షన్ వల్ల. వీడియో 4కేనా, 2కేనా అన్న ప్రశ్న ఆ రెండూ తేలాకే. దుకాణంలో మాత్రం మొదట 4కే గురించే చెబుతారు.

ఈ కార్లకు తేడా ఎక్కడ?

అద్దం బాగా వాలి ఉంటుంది. అందువల్ల డ్యాష్‌బోర్డు ప్రతిబింబం అద్దం మీద పడి, పగటి వీడియో మీద తెల్లటి పొర కమ్మినట్టు కనిపిస్తుంది. సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్ ఎక్కినా కెమెరా దాన్ని యాక్సిడెంట్ అనుకుంటుంది. చాలామంది ఈ కారును ఆదివారం పొద్దున తప్ప బయటికి తీయరు, మిగతా రోజులు సెల్లార్‌లోనే. అంటే బ్యాటరీకి చార్జింగ్ తక్కువ. తలుపుల అద్దాలకు ఫ్రేము ఉండదు కాబట్టి వైరు తీసుకెళ్లే దారి కూడా వేరుగా చూసుకోవాలి.

కెమెరా ఎంపిక

లోపల బ్యాటరీ ఉన్న కెమెరా వద్దు. సూపర్ కెపాసిటర్ ఉన్నదే తీసుకోండి. మే నెలలో మనకు 44, 45 డిగ్రీలు మామూలే. మూసిన కారు ఎండలో నిలబడితే లోపలి గాలే 60 డిగ్రీలు దాటుతుంది. అద్దానికి అంటుకుని ఉన్న కెమెరా అంతకంటే ఎక్కువ కాగుతుంది. లిథియం బ్యాటరీ ఆ వేడికి ఉబ్బుతుంది, ఒక్కోసారి కెమెరా బాడీనే పగలదీస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ వస్తువును అద్దానికి అంటించి కారు వదిలి వెళ్లడం ప్రమాదం. బాక్స్ మీద 'సూపర్ కెపాసిటర్' అని ఉందో లేదో చూడండి. '500 ఎంఏహెచ్ బ్యాటరీ' లాంటి మాట కనిపిస్తే పక్కన పెట్టేయండి. వియోఫో ఏ119 మినీ 2 కెపాసిటర్‌తో వచ్చేదే. మిగతా కంపెనీలలో మోడల్‌ను బట్టి మారుతుంది, కాబట్టి కంపెనీ పేరు చూసి నమ్మకుండా ఆ మోడల్ వివరాలు చదవండి. కెపాసిటర్ చేసే పని ఒక్కటే: కరెంటు పోగానే చివరి ఫైలును సేవ్ చేసి మూయడం. వైరు లేకుండా కెమెరాను నడిపించేంత శక్తి దానిలో ఉండదు.

ఆ తర్వాత సెన్సర్, అంటే బొమ్మను పట్టే చిప్. చవక కెమెరాల్లో '4కే' అని రాసి ఉన్నా, చాలాసార్లు చిన్న బొమ్మను సాగదీసి చూపిస్తారు. సోనీ స్టార్విస్ 2 సెన్సర్ ఉన్న 2కే కెమెరా రాత్రిపూట అలాంటి 4కే కంటే మేలు. ఎదురు లారీ హెడ్‌లైట్ల వెలుగులో నంబర్ ప్లేట్ తెల్లగా మాడిపోకుండా ఉండాలంటే హెచ్‌డీఆర్ (వెలుగునూ చీకటినీ సమం చేసే సౌకర్యం) కావాలి. చూపు వెడల్పు 130 నుంచి 140 డిగ్రీలు చాలు. 170 డిగ్రీలు అంటే రోడ్డంతా కనిపిస్తుంది కానీ, నంబర్లు చీమల్లా చిన్నవైపోతాయి.

ఆకారం కూడా చూడాలి. అద్దానికి హత్తుకుని, లెన్స్ మాత్రం పైకీ కిందికీ తిరిగే చిన్న బాడీ తీసుకోండి. వాలు అద్దానికి అంటించాక లెన్స్ నేరుగా రోడ్డు వైపు చూసేంత తిరగాలి. కొన్ని తిరగవు, ఆకాశాన్నో బానెట్‌నో చూపిస్తాయి. కొనేముందు ఆ కెమెరా కొలతలకు అట్టముక్క కత్తిరించి అద్దం వెనక పెట్టి చూడండి. సన్‌వైజర్ దించినప్పుడు తగులుతోందా, మీ చూపుకు అడ్డొస్తోందా తెలిసిపోతుంది. వాక్యూమ్ కప్పు స్టాండు ఈ ఎండకు ఊడి పడుతుంది, వద్దు.

వెనక కెమెరా మస్టాంగ్ కూపే, ఎం2 లాంటివాటిలో సులభం. జెడ్4 లాంటి టాప్ తెరుచుకునే కార్లలో మడతపడే రూఫ్ గుండా వైరు లాగించకండి, ఎవరు చేస్తామన్నా సరే. మడతల్లో నలిగి ఎప్పుడో ఒకప్పుడు షార్ట్ అవుతుంది. అక్కడ ముందు కెమెరాలోనే లోపలి వైపు చూసే రెండో లెన్స్ ఉన్న మోడల్ తీసుకోండి. టాప్ తీసి పార్క్ చేసే అలవాటు ఉంటే, ఒక్క లాగుతో ఊడి వచ్చే మౌంట్ ఉన్నది చూడండి.

మెమరీ కార్డు మీద మాత్రం పొదుపు చేయకండి. 'హై ఎండ్యూరెన్స్' అని రాసి ఉన్నదే కావాలి. శాన్‌డిస్క్, శామ్‌సంగ్ రెండింటిలోనూ దొరుకుతాయి. సెకనుకు 30 మెగాబిట్లతో రాసే కెమెరా గంటకు దాదాపు 13.5 జీబీ నింపుతుంది. అంటే 128 జీబీ కార్డులో తొమ్మిది గంటల ప్రయాణం పడుతుంది. వెనక కెమెరా కూడా ఉంటే 256 తీసుకోండి. నకిలీ కార్డులు చాలా తిరుగుతున్నాయి. కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం రాయించి, చదివించి చూడండి.

పార్కింగ్ మోడ్ కావాలా?

కారు ఆపి ఉన్నా కెమెరా రికార్డ్ చేస్తూ ఉండటమే పార్కింగ్ మోడ్. అందరూ కావాలంటారు. ఈ లెక్క చూశాక నిర్ణయించుకోండి. పార్కింగ్ మోడ్‌లో రికార్డ్ చేస్తూ ఉండే కెమెరా 12 వోల్టుల దగ్గర సుమారు 0.3 ఆంపియర్లు తాగుతుంది. రోజుకు 7 ఆంపియర్ అవర్లు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగైదు రోజుల్లో సగానికి వస్తుంది. అలారం, కీలెస్ సిస్టమ్ తినేది దీనికి అదనం. వైరింగ్ కిట్‌లో కటాఫ్ (వోల్టేజీ తగ్గగానే కెమెరాను ఆపేసే ఏర్పాటు) ఉంటుంది నిజమే. అయినా వారం వారం బ్యాటరీని సగానికి దించుతూ పోతే దాని ఆయుష్షు పోతుంది.

పోర్షే 911 లాంటి కారులో ఇంకో చిక్కుంది. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకునేది కరెంటుతో. బ్యాటరీ పూర్తిగా పడిపోతే డిక్కీ తెరవడానికే బయటి నుంచి కరెంటు ఇవ్వాలి. ఆ పద్ధతి ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, ఇవాళే చదివి పెట్టుకోండి.

కాబట్టి నా సలహా ఇది. కారు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఇంటి గేటు లోపల ఉండేదైతే పార్కింగ్ మోడ్ వద్దు. గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో రోడ్డు పక్కన పెట్టి పనికి వెళ్లేవాళ్లు పెట్టుకోండి, కటాఫ్ 12.4 వోల్టుల దగ్గర ఉంచండి, టైమర్ ఉంటే ఆరు గంటలకు మించనివ్వకండి. 12.0 అని పెట్టేవాళ్లు ఉన్నారు. మామూలు బ్యాటరీ 12.0కి వచ్చేసరికి పావు వంతే మిగులుతుంది. కారులో స్టార్టింగ్ బ్యాటరీయే లిథియం రకం అయితే ఈ అంకెలు అసలు వర్తించవు, పార్కింగ్ మోడ్ జోలికి పోకండి.

కావలసినవి

- కెమెరా, హై ఎండ్యూరెన్స్ కార్డు
- ఆ కెమెరా కంపెనీ హార్డ్‌వైర్ కిట్, అంటే కెమెరాను కారు ఫ్యూజ్ బాక్స్‌కు కలిపే వైరింగ్ కిట్ (లేదా మీ కారు మిర్రర్‌కు సరిపడే మిర్రర్ ట్యాప్, దాని వెనక ప్లగ్ నుంచి కరెంటు తీసుకునేది)
- ఫ్యూజ్ ట్యాప్‌లు, అంటే వైరు కోయకుండా ఫ్యూజ్ చోటు నుంచే కెమెరాకు కరెంటు తీసుకునే ముక్కలు. మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో 2 అని సైజులు ఉంటాయి. మీ కారు ఫ్యూజ్ ఒకటి పీకి, చేత్తో పట్టుకెళ్లి పోల్చి కొనండి
- 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజులు
- డిజిటల్ మల్టీమీటర్
- ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ (ట్రిమ్ అంటే కారు లోపలి ప్లాస్టిక్ తొడుగు). స్క్రూడ్రైవర్‌తో ట్రిమ్ లేపితే గీతలు ఖాయం
- గుడ్డ టేపు, చిన్న జిప్ టైలు. నల్ల పీవీసీ టేపు ఎండకు జిగురు కారుతుంది, వాడకండి
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ
- సీపీఎల్ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి ప్రతిబింబాన్ని తగ్గించే గాజు), ఆ కెమెరాకు సరిపడేది

సొంతంగా చేయలేం అనుకుంటే ఆటోనగర్‌కు వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లోనూ గుంటూరు ఆటోనగర్‌లోనూ మంచి చేతి పనివాళ్లున్నారు. పని మొదలుపెట్టేముందు మూడు విషయాలు అడగండి. వైరు కోసి అతికిస్తారా, ఫ్యూజ్ ట్యాప్ వేస్తారా? పిల్లర్‌లో (ముందు అద్దం పక్కనుండే స్తంభంలో) ఎయిర్‌బ్యాగ్ ఉంది, దాని వెనక నుంచి లాగుతారా? మీటర్ ఉందా, బల్బు టెస్టర్ గుచ్చి చూస్తారా? మూడింటిలో ఒక్క జవాబు తేడాగా ఉన్నా కారు వెనక్కి తీసుకురండి. వారంటీలో ఉన్న కారు వైరును అసలు కోయనివ్వకండి.

బిగించే పద్ధతి

1. ముందు బల్ల మీద నడిపించండి. కార్డు వేసి, కెమెరాలోనే ఫార్మాట్ చేసి, పవర్ బ్యాంకుతో రెండు మూడు గంటలు రికార్డ్ చేయించండి. ఫైళ్లు వరసగా వచ్చాయా, సెకన్లు తెగాయా చూడండి. కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే ఇప్పుడే వేయండి. కెమెరాలో లోపం ఉంటే వాపసు ఇవ్వడం కూడా ఇప్పుడే తేలిక.

2. చోటు ఖాయం చేయండి. మనది కుడివైపు స్టీరింగ్ కాబట్టి, లోపలి మిర్రర్‌కు ఎడమ పక్కన, దాని వెనక దాగేలా పెట్టడం మంచిది. నాలుగు విషయాలు సరిచూసుకోండి. ఆ చోటు వైపర్ తుడిచే భాగంలో ఉండాలి. వాషర్ నీళ్లు కొట్టి వైపర్ వేసి చూస్తే తెలుస్తుంది. అద్దం అంచున ఉండే నల్ల చుక్కల మీద టేపు సరిగా పట్టదు, వాటిని వదిలేయండి. కారు సొంత కెమెరా, రెయిన్ సెన్సర్ ముందు ఏదీ రాకూడదు.

నాలుగోది ఫాస్టాగ్. అది కూడా మిర్రర్ వెనకే ఉంటుంది. కెమెరాను దాని మీదా, దానికి ఆనించీ పెట్టకండి. కొన్ని ఖరీదైన కార్ల అద్దానికి వేడిని ఆపే లోహపు పూత ఉంటుంది, అది ఫాస్టాగ్ సిగ్నల్‌నూ జీపీఎస్‌నూ అడ్డుకుంటుంది. అలాంటి అద్దాల్లో మిర్రర్ దగ్గర పూత లేని చిన్న కిటికీ లాంటి భాగం వదులుతారు, మాన్యువల్‌లో గుర్తు ఉంటుంది. అక్కడ ఫాస్టాగ్‌కే మొదటి హక్కు. కెమెరా దాని పక్కన సర్దుకోవాలి.

3. కరెంటు ఎక్కడి నుంచి? మూడు దారులున్నాయి.

పార్కింగ్ మోడ్ అక్కర్లేనివాళ్లకు మిర్రర్ ట్యాప్ చాలా హాయి. రాత్రి వెలుగును తగ్గించే మిర్రర్ ఉంటే దాని వెనక కరెంటు ప్లగ్ ఉంటుంది. మధ్యలో ఈ ట్యాప్ తగిలిస్తే జానెడు వైరుతో పని అయిపోతుంది. పిల్లర్ విప్పే పనే లేదు. ప్లగ్‌లో పిన్నులు ఎన్నో చూసి దానికి తగ్గదే కొనండి. ఈ దారి ఎంచుకుంటే నేరుగా 7వ మెట్టుకు వెళ్లండి.

రెండోది 12 వోల్టుల సాకెట్. సులభమే, వైరు వేలాడుతుంది. కారు లాక్ చేశాక సాకెట్ ఆగుతుందో లేదో చూసుకోవాలి. పాటలు వినే యూఎస్‌బీ పోర్టు నుంచి మాత్రం ఇవ్వకండి. చాలా పోర్టులు ఇచ్చే కరెంటు కెమెరాకు చాలదు, మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది.

మూడోది ఫ్యూజ్ బాక్స్. వెనక కెమెరా, పార్కింగ్ మోడ్ ఉన్నవాళ్లకు ఇదే.

4. సరైన ఫ్యూజ్ వెతకండి. కిట్‌లో మూడు వైర్లుంటాయి: ఎప్పుడూ కరెంటు ఉండేది, స్టార్ట్ చేసినప్పుడే వచ్చేది, గ్రౌండ్. రంగులు కంపెనీకో తీరు, లేబుల్ చదవండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, స్టీరింగ్, ఇంజిన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంప్ ఫ్యూజులను ముట్టుకోకండి. సాకెట్, సీటు హీటర్, ఆడియో లాంటివి చూసుకోండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇగ్నిషన్ ఆపి వెంటనే మీటర్ పెడతారు, 12 వోల్టులు చూపిస్తుంది, 'ఇది ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్' అనుకుంటారు. ఈ కార్లు ఆపిన వెంటనే నిద్రపోవు. కొన్నింటికి పదిహేను ఇరవై నిమిషాలు పైన పడుతుంది. తలుపు తెరిచి, దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి, కారు లాక్ చేసి, తాళం చెవి ఇంట్లో పెట్టి, అరగంట ఆగి అప్పుడు కొలవండి. పని అయ్యాక హ్యాండిల్ లాగి లాచ్ మళ్లీ విడిపించడం మరవకండి. అలాగే తలుపు వేస్తే లాచ్ దెబ్బతింటుంది.

పార్కింగ్ మోడ్ వద్దనుకుంటే, కరెంటు వైర్లు రెండింటినీ కలిపి స్టార్ట్ చేసినప్పుడే వచ్చే ఒకే ఫ్యూజ్‌కు ఇవ్వండి. ఇంజిన్‌తో పాటే కెమెరా ఆగుతుంది.

5. బ్యాటరీ నెగటివ్ తీయండి. పిల్లర్ విప్పేముందు ఇది తప్పనిసరి. దానిలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. నెగటివ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగండి. ఫ్రేము లేని అద్దాలున్న కార్లలో ముందుగా అద్దాలు సగం దించేయండి. మామూలుగా తలుపు తెరిచేటప్పుడు అద్దం కొద్దిగా కిందికి జారుతుంది కదా, కరెంటు లేకపోతే జారదు. బలవంతంగా లాగితే రబ్బరూ అద్దమూ రెండూ పాడవుతాయి. బ్యాటరీ డిక్కీలో ఉంటే, ఆ మూత పడిపోకుండా చూసుకోండి.

6. వైరు లాగండి. కెమెరా చోటు నుంచి పైకి, రూఫ్ లైనింగ్ అంచులోకి వేలితో నొక్కుతూ పిల్లర్ దాకా తీసుకెళ్లండి. పిల్లర్ ట్రిమ్‌ను పైనుంచి మెల్లగా లాగండి. చాలా కార్లలో దాన్ని పట్టి ఉంచే ఒక పట్టీ క్లిప్ ఉంటుంది, కొన్ని క్లిప్పులు ఒక్కసారికే పనికొస్తాయి. కొత్త క్లిప్పులు ముందే తెప్పించుకోండి.

వైరు ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచి, అక్కడ ఉన్న కంపెనీ వైర్ల గుత్తికి కట్టుకుంటూ దిగాలి. బ్యాగ్ ముందు నుంచి అడ్డంగా పోతే, అది తెరుచుకునే క్షణంలో వైరూ ట్రిమ్మూ మీ ముఖం మీదికి వస్తాయి. మిగతా ఏ మెట్టులో లోపం జరిగినా నష్టం డబ్బుతో పోతుంది. ఇక్కడ అలా కాదు. ధైర్యం చాలకపోతే పిల్లర్ జోలికి వెళ్లకుండా మిర్రర్ ట్యాప్‌కే మారండి.

'తలుపు రబ్బరు కింద దూర్చేస్తే చాలు' అని కొందరు చెబుతారు. మామూలు కారుకు నడుస్తుంది. ఫ్రేము లేని తలుపు ఉన్న కారులో అద్దం వచ్చి ఆనుకునేది ఆ రబ్బరుకే. కింద వైరు ఉబ్బుగా ఉంటే స్పీడులో గాలి ఈల వేస్తుంది, వానాకాలం నీళ్లు కారతాయి.

గ్రౌండ్ వైరును పెయింట్ లేని ఇనుప బోల్టు కింద బిగించండి. ఎయిర్‌బ్యాగ్ వైర్లు కలిసే బోల్టు మాత్రం కాదు.

బ్యాటరీ మళ్లీ కలిపాక ఫ్యూజ్ ట్యాప్ పెట్టండి. దానికి దిశ ఉంటుంది. పెట్టాక ట్యాప్‌లోంచి కారు పాత ఫ్యూజ్‌ను మాత్రం తీసేసి, కెమెరా వైరులో కరెంటు ఉందో మీటర్‌తో చూడండి. ఉంటే సరైన దిశ. లేకపోతే కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజ్ గుండానే పోతోందన్నమాట, ట్యాప్‌ను తిప్పి పెట్టండి. బ్యాటరీ తీసి పెట్టాక కొన్ని కార్లలో పవర్ విండోలను మళ్లీ సెట్ చేయాలి. ఆ వరస మాన్యువల్‌లో ఉంటుంది.

7. అంటించండి. పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు చేయండి. ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, అరనిమిషం గట్టిగా అదమండి. వీహెచ్‌బీ టేపు (కెమెరా మౌంట్‌ను అద్దానికి పట్టి ఉంచే రెండు వైపుల జిగురు టేపు) బలం చాలావరకు రావడానికి 24 గంటలు పడుతుంది. ఆ రోజంతా కారును ఎండలో పెట్టకండి.

8. సెట్టింగులు. టైమ్ జోన్ +5:30. ఫ్లికర్ 50 హెర్ట్జ్. ఫైలు నిడివి 1 లేదా 3 నిమిషాలు. జీ సెన్సర్ (కుదుపును పసిగట్టి ఆ ఫైలును లాక్ చేసేది) అన్నిటికంటే తక్కువలో. ఎక్కువలో పెడితే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఫైలు లాక్ అవుతుంది, లాక్ అయినవి మామూలుగా చెరగవు, కొన్ని కెమెరాల్లో అవి కార్డంతా ఆక్రమించి చివరికి కొత్త రికార్డింగుకు చోటు ఉండదు. 'గుద్దిన రోజు వీడియో లేదు' అన్నవాళ్లు ముందు చూడాల్సింది ఈ సెట్టింగే.

ఆడియో ఉంచితే మంచిది. ఎవరైనా గుద్ది పారిపోతుంటే నంబర్ పైకి గట్టిగా చదవండి, బొమ్మలో కనబడకపోయినా మీ గొంతులో ఉంటుంది. పక్కన కూర్చునేవాళ్లకు రికార్డవుతోందని చెప్పండి.

వీడియో మీద స్పీడు అంకె ఉంచాలా అని అడుగుతున్నారు. ఉంచండి. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన పరిమితి 100, ఎక్కడైనా బోర్డు అంతకంటే తక్కువ చెబితే ఆ బోర్డే లెక్క. ఆ లోపు నడిపేవారికి ఆ అంకే సాక్ష్యం. దాన్ని దాచినా, ఫ్రేములను లెక్కగట్టి స్పీడు చెప్పేవాళ్లుంటారు.

9. సీపీఎల్ తిప్పండి. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఫోన్ యాప్‌లో లైవ్ బొమ్మ చూస్తూ, డ్యాష్‌బోర్డు ప్రతిబింబం మాయమయ్యేదాకా రింగు తిప్పండి. ఈ ఫిల్టర్ వెలుగును సగానికి పైగా తగ్గిస్తుంది. ఎక్కువగా రాత్రుళ్లే గుంటూరు, విజయవాడ మధ్య తిరిగేవాళ్లు దీన్ని తీసేసి, దానికి బదులు డ్యాష్‌బోర్డును మెరవకుండా ఉంచుకోండి. కార్ వాష్‌లో మెరుపు పాలిష్ కొట్టవద్దని చెప్పండి. దుర్గమ్మ విగ్రహం డ్యాష్‌బోర్డు మీద ఉంటే ప్రతిబింబం సరిగ్గా రోడ్డు మధ్యలో పడుతుంది. అమ్మవారిని కొంచెం కిందికి, కన్సోల్ మీదికి మార్చి కూర్చోబెట్టుకోండి.

పని సరిగ్గా అయిందా? ఇలా చూడండి

సాయంత్రం గొల్లపూడి వైపు ఒకసారి వెళ్లి రండి. ఎండ నేరుగా లెన్స్‌లోకి కొడుతుంది. ముందున్న వాహనాలు నల్లటి ఆకారాల్లా ఉంటే హెచ్‌డీఆర్ ఆన్‌లో లేదన్నమాట.

చీకటి పడ్డాక బెంజ్ సర్కిల్ నుంచి కాజ టోల్‌గేట్ దాకా నడపండి. ఇంటికొచ్చి ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద చూడండి. సిగ్నల్ దగ్గర ముందున్న బండి నంబర్ స్పష్టంగా రావాలి. కదిలే బండి నంబర్ రాత్రిపూట నాలుగైదు మీటర్ల దూరంలో దొరికితే మంచి కెమెరా అనుకోండి. ఎదురుగా 80 స్పీడులో వచ్చే బండి నంబర్ రాత్రి ఏ కెమెరాలోనూ నమ్మకంగా రాదు. టోల్‌గేట్‌లో ఫాస్టాగ్ మొదటిసారే చదివిందా, ఎఫ్ఎం రేడియోలో కొత్తగా గరగర వచ్చిందా కూడా గమనించండి. గరగర వస్తే కెమెరా వైరును యాంటెనా వైరుకు దూరంగా జరిపి, ఫెరైట్ క్లిప్ (ఆ గరగరను ఆపే చిన్న ముక్క) వైరుకు తగిలించండి.

కారు లాక్ చేసేముందు, మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందు బ్యాటరీ వోల్టేజీ రాసుకోండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక చూసుకుంటే పార్కింగ్ మోడ్ లేని కారులో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండకూడదు. రాత్రికి రాత్రి 12.7 నుంచి 12.3కి పడితే ఎక్కడో తప్పు ఫ్యూజ్ పడింది. సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ ఉన్నవాళ్లు సీటెక్ లాంటి బ్యాటరీ మెయింటెయినర్ పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు.

ఎండాకాలం సన్‌షేడ్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. షేడ్‌కూ అద్దానికీ మధ్య వేడి చిక్కుకుంటుంది, కెమెరా ఉండేది సరిగ్గా ఆ సందులోనే. షేడ్‌ను కెమెరా దగ్గర కత్తిరించండి, లేదా కారు బయట కప్పే కవర్ వాడండి. మౌంట్ నుంచి ఊడదీసే కెమెరా అయితే తీసి గ్లోవ్‌బాక్స్‌లో పెట్టడం అన్నిటికంటే మేలు.

ప్రమాదం జరిగితే

మొదట మనుషులను చూడండి, 112కి ఫోన్ చేయండి. తర్వాత కెమెరాలో లాక్ బటన్ నొక్కండి. కరెంటు ఆపి, ఫైలు మూసుకోవడానికి కొన్ని క్షణాలు ఆగి, కార్డు తీసి జేబులో పెట్టుకోండి. కెమెరా అలాగే నడుస్తూ ఉంటే పాత ఫైళ్ల మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది.

వీడియోను కత్తిరించకండి, పాట కలపకండి. వాట్సాప్‌లో పంపిన కాపీ కుదించుకుపోతుంది, తేదీ వివరాలు పోతాయి, కాబట్టి అసలు కార్డు మీ దగ్గరే భద్రంగా ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం, ఇలాంటి డిజిటల్ రికార్డు కాపీని కోర్టులో పెట్టేటప్పుడు దానితో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలు మారితే ఇదీ మారుతుంది) రాయాల్సిన చోటు ఉంటుంది. కార్డును కంప్యూటర్‌లో పెట్టిన మొదటిసారే ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ తీసి రాసి పెట్టుకుంటే, ఆ తర్వాత వీడియో మారలేదని చూపించొచ్చు. కొత్త కార్డు కెమెరాలో వేసి, పాతది మీ లాయర్ అడిగేదాకా మళ్లీ వాడకండి.

నెలకోసారి కార్డు తీసి ఏదో ఒక ఫైలు ఆడించి చూడండి, అవసరమైనవి కాపీ చేసుకుని కెమెరాలోనే ఫార్మాట్ కొట్టండి. ఏప్రిల్ రాగానే టేపు అంచులు లేస్తున్నాయేమో గోరుతో తాకి చూడండి. లేస్తుంటే, తీసి కొత్త టేపు వేయండి.